కెఫే రేసర్‌కి వేరే ఇంజన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే పని చుట్టూ తిరిగాయి. పాత బండి ఫ్రేములో వేరే బండి ఇంజన్ కూర్చోబెట్టి కెఫే రేసర్ (రేసు బండిలా ముందుకి వంగి నడిపేలా మార్చుకున్న రోడ్డు బండి) కట్టడం గురించే అందరూ అడిగారు. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: నా దగ్గర 250 సీసీ సింగిల్ సిలిండర్ బండి ఫ్రేము ఉంది. అందులో 500 సీసీ ట్విన్ (రెండు సిలిండర్ల) ఇంజన్ పెట్టాలనుకుంటున్నాను. పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంజన్ సరిగ్గా ఫ్రేము మధ్యలో కూర్చోవాలా?

జవాబు: వెనక చక్రం దగ్గర మొదలుపెట్టండి. ఇంజన్ ఫ్రేముకి మధ్యలో ఉందా లేదా అన్నది రెండో సంగతి. ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం), వెనక స్ప్రాకెట్ ఒకే గీతలో ఉన్నాయా అన్నదే మొదటిది. ఇంజన్ 5 నుంచి 8 మి.మీ. పక్కకి జరిగినా నడిపేవాడికి తెలియదు. చైన్ 3 మి.మీ. పక్కకి పోతే మాత్రం స్ప్రాకెట్ పళ్లకి ఒకవైపే మెరుపు వస్తుంది. వేలితో తడిమితే ఆ అంచు బ్లేడులా తగులుతుంది. కొన్నాళ్లకి చైన్ పళ్లు దాటి దూకుతుంది.

చివరికి బండికి ఏ చక్రం, ఏ టైరు ఉండబోతున్నాయో అవే బిగించండి. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చెయ్యి) ఫ్రేముకి తగిలే పివట్ బోల్టు మధ్య నుంచి యాక్సిల్ (చక్రం ఇరుసు) మధ్యకి రెండు వైపులా కొలిచి సమానం చేయండి. చైన్ అడ్జస్టర్ మీది గీతల్ని నమ్మకండి, చాలా బళ్లలో అవి రెండు వైపులా కలవవు. ఇంజన్ని మాత్రం ఖాళీ చేసి పెట్టండి. క్రాంకు, హెడ్డు, క్లచ్ తీసేసి, ఔట్‌పుట్ షాఫ్టు, దాని స్ప్రాకెట్ ఉంచితే చాలు. అప్పుడు చెక్క దిమ్మెల మీద పెట్టి ఒక్కరే అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఒక మీటరు పొడవున్న తిన్నని అల్యూమినియం పట్టీని వెనక స్ప్రాకెట్ ముఖానికి ఆనించి ముందుకి చూడండి. రెండు స్ప్రాకెట్ల మందం ఒకటి కాకపోతే ముఖాలు కలిపి లాభం లేదు, పళ్ల మధ్యగీతలు కలవాలి. 520, 530 చైన్లకి పిచ్ (పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం) ఒకటే, 15.875 మి.మీ. లోపలి వెడల్పు మాత్రం 520కి 6.35, 530కి 9.53 మి.మీ. కాబట్టి ముందు ఒకటి, వెనక ఒకటి కలపకుండా రెండు స్ప్రాకెట్లూ ఒకే రకం చైన్‌వి తీసుకోండి. తేడా 1 మి.మీ. లోపు ఉండాలి.

అప్పటికీ కలవకపోతే రెండు దారులున్నాయి. ఒకటి పక్కకి జరిపి చేసిన ఆఫ్‌సెట్ ముందు స్ప్రాకెట్, రెండోది వెనక స్ప్రాకెట్ కూర్చునే ముఖాన్ని లేత్ మీద తీయించడం. ముందు స్ప్రాకెట్ వెనక వాషర్లు పేర్చి సర్దొద్దు. షాఫ్టు స్ప్లైన్ల (దాని మీది పొడవాటి గాడుల) మీద పట్టు తగ్గిపోతుంది.

అడ్డంగా కుదిరాక ఎత్తు చూడండి. ఇంజన్ పాత బండిలో ఎంత వాలుతో ఉందో ఇక్కడా దాదాపు అంతే వాలుతో ఉండాలి. బాగా వెనక్కి వాలిస్తే సంపులో ఆయిల్ ఒక పక్కకి చేరి, బ్రేకు వేసినప్పుడో ఎత్తు ఎక్కేటప్పుడో పంపు గాలి పీలుస్తుంది. కార్బొరేటర్ ఫ్లోట్ లెవెల్ (అందులో పెట్రోలు నిలిచే మట్టం) కూడా తప్పుతుంది. ఇక్కడే ఇంకో రెండు చూసుకోండి. ఫోర్కు స్ప్రింగులు తీసి పూర్తిగా కిందికి నొక్కి, హ్యాండిల్ రెండు వైపులా తిప్పితే ముందు టైరు సైలెన్సర్ పైపుకి తగలకూడదు. ఇంజన్ దించకుండానే ట్యాపెట్ కవరు, ఆయిల్ ఫిల్టరు, ప్లగ్గులు బయటికి రావాలి. ఈ రెండో సంగతి మరిచిపోతే ట్యాపెట్ సెట్ చేసిన ప్రతిసారీ ఇంజన్ దించాల్సి వస్తుంది.

చివరగా, వెనక షాకులు (షాక్ అబ్జార్బర్లు) తీసేసి చక్రాన్ని చేత్తో కింది నుంచి పైదాకా కదపండి. ముందు స్ప్రాకెట్, పివట్, యాక్సిల్ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. అక్కడ కూడా కాస్త వదులు మిగలాలి. ఆ సెట్టింగు మార్చకుండా షాకులు బిగించి, బండి స్టాండు మీద ఉండగా చైన్ ఎంత వదులుందో కొలిచి రాసుకోండి. మీ బండికి చైన్ స్లాక్ అంకె అదే. పాత బండి మాన్యువల్‌లోని అంకె ఇక పనికిరాదు. స్ప్రాకెట్ పివట్‌కి దూరమైన కొద్దీ ఈ వదులు, బిగువుల తేడా పెరుగుతుంది. అందుకే ఇంజన్ని వీలైనంత వెనక్కి పెట్టండి.

ప్రశ్న: 5 మి.మీ. ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) ప్లేటుతో ఇంజన్ మౌంట్లు (ఇంజన్ని ఫ్రేముకి పట్టి ఉంచే పట్టీలు) చేయించాను. 800 కి.మీ. తిరక్కుండానే వెల్డింగు పక్కన చిట్లాయి. ఇంకా మందం ప్లేటు వేయాలా?

జవాబు: వేయొచ్చు, 6 మి.మీ. మంచిదే. కానీ మీ ప్లేటు విరిగింది మందం చాలకే అయ్యుండదు. వెల్డింగు పక్కనే చిట్లిందంటే మూడు కారణాలు వెతకాలి.

ఇంజన్ లగ్గుకీ (బోల్టు దూరే చెవికీ) ప్లేటుకీ మధ్య ఖాళీ ఉంటే బోల్టు బిగించి దగ్గరికి లాగేశారా? అలా లాగితే ప్లేటు ఎప్పుడూ వంగి ఉంటుంది. దాని మీద ఇంజన్ అదురు కూడా పడితే ఇక నిలవదు. ఒక్కోసారి ప్లేటు బాగానే ఉండి అల్యూమినియం లగ్గే పగులుతుంది, అది ఇంకా పెద్ద నష్టం. ఫీలర్ గేజ్‌తో సందు కొలిచి, లేత్ మీద స్పేసర్ తీయించి పెట్టండి. 0.2 మి.మీ. మించి సందు వదలొద్దు. అన్ని బోల్టులూ సుత్తి అవసరం లేకుండా చేత్తో తోస్తేనే దూరాలి.

రెండోది వెల్డింగు తీరు. ప్లేటుని ఫ్రేము పైపుకి అడ్డంగా చుట్టూ వెల్డ్ చేస్తే ఆ గీతే పైపుకి కోత పెట్టినట్టవుతుంది. పైపు పొడవునా సాగేలా ప్లేటు ఆకారం కోయించి, పొడవు వెంబడే వెల్డ్ చేయించండి. ప్లేటు లోపలి మూలలు కోణంగా కాకుండా కనీసం 5 మి.మీ. గుండ్రంగా ఉండాలి. రంధ్రాలు గ్యాస్‌తో కాల్చకుండా డ్రిల్ చేయాలి.

మూడోది హెడ్ స్టే. చాలామంది కింది మౌంట్లు చేసి, సిలిండర్ హెడ్డు నుంచి ఫ్రేముకి వెళ్లే చిన్న పట్టీని వదిలేస్తారు. అప్పుడు ఇంజన్ కింది బోల్టుల మీద ముందుకీ వెనక్కీ ఊగుతూ మౌంట్లని నలిపేస్తుంది. పిస్టన్లు రెండూ కలిసి పైకీ కిందికీ వెళ్లే 360 డిగ్రీల ట్విన్ ఇంజన్ అదురులో పెద్ద సింగిల్‌కి ఏమీ తీసిపోదు. దానికైతే స్టే తప్పనిసరి.

కొత్తవి చేసేటప్పుడు ముందు అట్ట, తర్వాత ప్లైవుడ్డు, అవి కుదిరాకే ఇనుము. అన్ని మౌంట్లూ ఖాళీ ఇంజన్‌కి బోల్టులతో బిగించి ఉండగానే టాకాలు (చిన్న చుక్క వెల్డులు) వేయించండి. టాకాలయ్యాక పట్టీతో చైన్ గీత మళ్లీ చూడండి. అప్పుడు పూర్తి వెల్డింగు చేయించండి, ఒకసారికి 25 మి.మీ. చొప్పున, కుడి ఎడమలు మార్చుకుంటూ, మధ్యలో చల్లారనిస్తూ. ఒకే వైపు ఏకబిగిన లాగించేస్తే వేడికి ఫ్రేము గుంజుకుపోతుంది. వెల్డింగుకి ముందే బ్యాటరీ, సీడీఐ (ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే ఎలక్ట్రానిక్ పెట్టె), రెగ్యులేటర్ (ఛార్జింగు వోల్టేజిని అదుపు చేసేది) తీసేయండి. ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే ప్లేటుకే పెట్టాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని గుంటలు చేస్తుంది. బోల్టులు 8.8 గ్రేడువి వాడండి. బోల్టు మరలు ప్లేటు రంధ్రంలోకి రాకూడదు, అక్కడ నున్నని భాగమే ఉండాలి. 10 మి.మీ. బోల్టుకి 45 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది. 100 కి.మీ., 500 కి.మీ. దగ్గర మళ్లీ చూడండి. వెల్డు పక్కన పెయింటులో వెంట్రుకంత తుప్పు గీత కనిపిస్తే అది పగులే, బండి ఆపేయండి.

రబ్బరు బుష్షులు వాడదలిస్తే అన్నిటికీ అవే వాడాలి. మూడు గట్టివి, ఒకటి రబ్బరుది పెడితే ఆ మూడే విరుగుతాయి.

ప్రశ్న: ఇంజన్ మార్పిడికి ట్రైటన్‌ని ఉదాహరణగా చెబుతారు. ఏమిటది?

జవాబు: నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ట్విన్ ఇంజన్ పెట్టిన బండి. మెక్‌కాండ్‌లెస్ సోదరులు రూపొందించిన ఫెదర్‌బెడ్ ఫ్రేముతో నార్టన్ 1950లో రేసుల్లోకి దిగింది. మలుపుల్లో దానికి సాటి లేదు. ఆ రోజుల్లో 500 సీసీ కారు రేసులకి నార్టన్ సింగిల్ ఇంజన్ కావాల్సినవాళ్లు బండి మొత్తం కొని ఇంజన్ తీసుకునేవారు, దాంతో ఫ్రేములు మిగిలిపోయేవి. సులువుగా దొరికే, బలమైన ట్రయంఫ్ ట్విన్ వాటిలోకి చేరింది. 1938లో లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద తెరిచిన ఏస్ కెఫే లాంటి చోట్ల చేరిన కుర్రకారు గంటకి 100 మైళ్లు, అంటే 160 కి.మీ. అందుకోవాలని కట్టుకున్న బళ్లివి. మంచి ఫ్రేము, మంచి ఇంజన్ వెతికి కలపడమే అందులో అసలు పని. సీటూ హ్యాండిలూ మార్చడం ఆ తర్వాతి సంగతి.

ప్రశ్న: ఎయిర్ బాక్స్ (గాలి ఫిల్టరు ఉండే పెట్టె) తీసి పాడ్ ఫిల్టర్లు (కార్బొరేటర్ నోటికే తొడిగే చిన్న ఫిల్టర్లు) పెట్టాను. ఐడిల్ బాగుంది, ఫుల్ రేసులో లాగుతుంది. మధ్యలో మాత్రం గుటకలు మింగినట్టు ఆగి ఆగి పోతోంది. మెయిన్ జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం) సైజు రెండుసార్లు పెంచినా మార్పు లేదు.

జవాబు: మీ తప్పు మెయిన్ జెట్‌లో లేదు. అది ముప్పావు థ్రాటిల్ దాటాకే పని చేస్తుంది. పావు దాకా పైలట్ జెట్, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ అనే సూది చూసుకుంటాయి.

జెట్లు ముట్టుకోక ముందు ఫిల్టరు తీసి కార్బొరేటర్ నోటిలోకి చూడండి. మీది వాక్యూమ్‌తో స్లైడు (గాలి దారిని తెరిచే పిస్టన్ లాంటి ముక్క) లేచే రకం అయితే నోటి అంచున ఒకటో రెండో చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. డయాఫ్రమ్ (స్లైడుని లేపే రబ్బరు పొర) కింద గాలి అక్కణ్నించే అందుతుంది. చవక పాడ్ ఫిల్టర్ల లోపలి రబ్బరు పెదవి మందంగా ఉండి సరిగ్గా ఆ రంధ్రాల మీద పడుతుంది. ఇక స్లైడు లేవాల్సినంత లేవదు, మధ్యలో గుటకలు అందుకే. ఆ పెదవిని బ్లేడుతో కోసి రంధ్రం తెరిస్తే చాలా బళ్లు అక్కడికక్కడే కుదుటపడతాయి. కార్బొరేటర్‌కీ ఫిల్టరుకీ మధ్య 50 నుంచి 75 మి.మీ. గొట్టం పెడితే గాలి సుడి తిరక్కుండా వస్తుంది, ఇంకా మంచిది.

తర్వాత ఇన్‌టేక్ రబ్బర్లు చూడండి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా రబ్బరు చుట్టూ నీళ్ల తుంపర కొట్టండి. శబ్దం మారితే అక్కడ గాలి లీకు. వేరే ఇంజన్‌కి పాత బండి రబ్బర్లు సాగదీసి తొడిగినచోట ఇది మామూలే.

ఇవి సరిగ్గా ఉన్నాకే జెట్టింగు. గ్రిప్పు మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు గీయండి. బండి మిస్ కొట్టేది ఏ గీత దగ్గరో అప్పుడు అంచనా మీద వదలకుండా కచ్చితంగా తెలుస్తుంది. మొదట ఫుల్ థ్రాటిల్‌కి మెయిన్ జెట్ కుదర్చండి, పాడ్ ఫిల్టర్లకి సాధారణంగా రెండు మూడు సైజులు పెరుగుతుంది. తర్వాత నీడిల్ ఒక గాడి పైకి. గాడులు లేని నీడిల్ అయితే కింద 0.5 మి.మీ. వాషర్ వేయండి. పైలట్ ఆఖరు. ఒకసారికి ఒకటే మార్చండి. ఫుల్ థ్రాటిల్‌లో పోతూ క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి ప్లగ్ తీసి చూడాలి. ఇది వాహనాలు తిరగని చోట మాత్రమే చేయండి. ప్లగ్ పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం కుదిరినట్టు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. పిస్టన్ కరిగే దారి అది, అలాగే నడపొద్దు.

ప్రశ్న: ఇంజన్ స్టార్టవుతోంది కానీ బ్యాటరీ ఛార్జి కావడం లేదు. పాత బండి వైరింగ్, పాత రెగ్యులేటరే వాడాను.

జవాబు: అక్కడే వచ్చింది చిక్కు. స్టేటర్ (ఇంజన్‌లో కరెంటు పుట్టించే తీగచుట్టలు), పల్సర్ కాయిల్ (నిప్పురవ్వ ఎప్పుడు రావాలో సీడీఐకి చెప్పేది), సీడీఐ, రెగ్యులేటర్ ఒక కుటుంబం. ఇంజన్ ఏ బండిదో ఇవన్నీ ఆ బండివే రావాలి. సింగిల్ ఫేజ్ రెగ్యులేటర్‌కి మూడు పసుపు వైర్ల (త్రీ ఫేజ్) స్టేటర్‌ని కలిపితే ఛార్జింగు సరిగా రాదు.

ముందు స్టేటర్ పరీక్షించండి. మూడు వైర్లూ విడదీసి, ఒక్కొక్కదానికీ ఇంజన్ బాడీకీ మధ్య కంటిన్యూటీ చూడండి, అసలు ఉండకూడదు. తర్వాత ఇంజన్ రేసు చేస్తూ జత జతకీ ఏసీ వోల్టేజి కొలవండి. మూడు అంకెలూ దాదాపు సమానంగా ఉండాలి. చాలా బళ్లలో 5000 ఆర్పీఎం దగ్గర 50 వోల్టులు దాటుతుంది. సరైన రెగ్యులేటర్ కలిపాక బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. స్టేటర్ బాగుండి ఇది తక్కువ వస్తే ఎర్త్ అనుమానించండి. బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్‌కి ఒక మందపాటి కేబుల్ వేయండి. పెయింటు పూసిన ఫ్రేమునీ రబ్బరు మౌంట్లనీ ఎర్త్‌కి నమ్ముకోవద్దు. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి వీలైనంత దగ్గర.

ప్రశ్న: కొత్త ఇంజన్‌కి వెనక స్ప్రాకెట్ ఎన్ని పళ్లది వేయాలో లెక్క ఎలా?

జవాబు: వెనక టైరు మీద సుద్దతో గుర్తు పెట్టి, బండి మీద మనిషి కూర్చుని ఉండగా ఒక చుట్టు తోసి నేల మీద కొలవండి. 2.03 మీటర్లు వచ్చిందనుకుందాం. 100 కి.మీ. వేగంలో చక్రం నిమిషానికి దాదాపు 821 చుట్లు తిరుగుతుంది. ప్రైమరీ (క్రాంకు నుంచి క్లచ్‌కి) నిష్పత్తి 2.5, టాప్ గేర్ నిష్పత్తి 0.86, ముందు 15 వెనక 42 పళ్లు అంటే 2.8. మూడూ గుణిస్తే 6.02. దాన్ని 821తో గుణిస్తే 4940 ఆర్పీఎం. మీ ఇంజన్ హాయిగా లాగే ఆర్పీఎం ఇంతకంటే తక్కువైతే వెనక పళ్లు తగ్గించండి. ముందు స్ప్రాకెట్ మరీ చిన్నది వేయకండి, చైన్ పదునుగా మడత పడి తొందరగా అరుగుతుంది.

ప్రశ్న: రియర్‌సెట్ (వెనక్కి జరిపి బిగించే) ఫుట్‌రెస్టులు పెట్టాక గేర్లు తిరగబడ్డాయి. పైకి లేపాల్సింది కిందికి తొక్కాల్సి వస్తోంది.

జవాబు: గేరు షాఫ్టు మీది చిన్న ఆర్మ్‌ని ఊడదీసి, పైకి ఉంటే కిందికి, కిందికి ఉంటే పైకి తిప్పి స్ప్లైన్‌కి ఎక్కించండి. లివర్ మధ్యలో ఉన్నప్పుడు ఆర్మ్‌కీ రాడ్‌కీ మధ్య 90 డిగ్రీలు ఉండాలి, లేకపోతే ఒక వైపు గేరు గట్టిగా, ఒక వైపు వదులుగా పడుతుంది. క్లిప్ ఆన్ హ్యాండిల్ (ఫోర్కు గొట్టాలకే విడివిడిగా బిగించేది) కూడా వేసి ఉంటే ఇంజన్ ఐడిల్‌లో పెట్టి హ్యాండిల్ ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పండి. రేసు పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ గుంజుకుంటోందన్నమాట. మలుపులో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ప్రశ్న: ఫ్రేముకి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అతికించే పూత) ఎప్పుడు చేయించాలి?

జవాబు: అన్నిటికన్నా ఆఖర్న. వట్టి ఇనుము మీదే బండి మొత్తం బిగించి, వైరింగ్ వేసి, కనీసం 200 కి.మీ. నడపండి. ఇంకో బ్రాకెట్ కావాలనీ, వెనక సీటు లూప్‌కి (సీటు కింద ఫ్రేము చివరి వంపుకి) టైరు తగులుతోందనీ అప్పుడే బయటపడుతుంది. తర్వాత విప్పి కోటింగుకి ఇవ్వండి. ఇచ్చే ముందు స్టీరింగ్ బేరింగ్ కప్పులు, స్వింగ్ ఆర్మ్ పివట్, ఇంజన్ మౌంట్ ముఖాలు, ఎర్త్ బోల్టు చోటు, ఫ్రేము నంబరు, వీటన్నిటికీ వేడికి తట్టుకునే టేపు మీరే దగ్గరుండి అంటించండి. మౌంట్ ముఖం మీద కోటింగు పొర మిగిలితే కొద్ది రోజులకే నలిగిపోయి, బిగించిన బోల్టు వదులవుతుంది.