పక్కకు విసిరిన బంతి ఆలస్యంగా పడుతుందా?

ప్రశ్న: మా ఆరంతస్తుల మేడ మీద నుంచి ఒక బంతిని అడ్డంగా విసిరి, అదే క్షణంలో మరొకదాన్ని ఊరికే జారవిడిస్తే ఏది ముందు నేలను తాకుతుంది? ఎక్కువ దూరం వెళ్లాలంటే 45 డిగ్రీల కోణమే సరైనదా?
– ఒక ఇంటర్ విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: గాలి నిరోధాన్ని పక్కన పెడితే రెండూ ఒకేసారి పడతాయి. గురుత్వాకర్షణ బంతిని కిందికి మాత్రమే లాగుతుంది కనుక, అడ్డంగా ఇచ్చిన వేగం పడే కాలాన్ని పెంచదు, తగ్గించదు. మేడ ఎత్తు 20 మీటర్లనుకుంటే రెండింటికీ పట్టేది సుమారు 2 సెకన్లే. సెకనుకు 15 మీటర్ల వేగంతో విసిరినది ఈలోగా దాదాపు 30 మీటర్ల దూరం వెళ్తుంది. ఈ దారి పరావలయమని (పారబోలా అనే వంపు రేఖ అని) గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథంలో నిరూపించాడు.

మీ రెండో ప్రశ్న మరింత ఆసక్తికరమైనది. విసిరిన చోటు, పడే చోటు ఒకే మట్టంలో ఉన్నప్పుడే 45 డిగ్రీలు గరిష్ఠ దూరాన్నిస్తుంది. మేడ మీద నుంచి విసిరినప్పుడు బంతికి కిందికి దిగే అదనపు కాలం ఎలాగూ దొరుకుతుంది కనుక, వేగంలో ఎక్కువ వాటాను ముందుకు మళ్లించడమే లాభం. పై లెక్కలోని ఎత్తుకూ వేగానికీ సరైన కోణం సుమారు 31 డిగ్రీలు. అయితే మీ వైపు వీచే సముద్రపు గాలి ఈ అంకెలను కొంత మారుస్తుంది, తేలికైన ప్లాస్టిక్ బంతి విషయంలో మరీను.