కంటి కురుపు: చుక్కల మందు కన్నా కాపడమే ముఖ్యం

ప్రశ్న: నా వయసు 34. నాలుగు రోజులుగా కుడికన్ను పైరెప్ప అంచున కురుపు. ఎర్రగా వాచింది, ముట్టుకుంటే నొప్పి, కొన మీద చీము కనిపిస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసినా తగ్గలేదు. ఈ ఏడాది ఇది మూడోసారి. నొక్కి చీము తీసేయవచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దయచేసి నొక్కకండి, సూదితో గుచ్చకండి. నొక్కితే ఇన్ఫెక్షన్ రెప్ప లోపలికి పాకే ప్రమాదం ఉంది. రెప్పవెంట్రుక మొదట్లోని గ్రంథికి బ్యాక్టీరియా సోకితే ఈ కురుపు వస్తుంది. చాలావరకు స్టెఫైలోకాకస్ ఆరియస్ దీనికి కారణం. చీము గ్రంథి లోపల ఉంటుంది. పైన వేసే చుక్కలు అక్కడిదాకా సరిగా చేరవు, అందుకే మీకు తగ్గలేదు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉందేమో డాక్టరుకు చూపించండి. అలాంటివి సొంతంగా వాడితే కంట్లో ప్రెషర్ పెరగొచ్చు.

అసలు వైద్యం కాపడం. సబ్బుతో చేతులు కడుక్కుని, శుభ్రమైన మెత్తటి గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండండి. మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. హాయిగా అనిపించే వేడి చాలు, చురుక్కుమంటే చల్లారనివ్వండి. కన్ను మూసి 10 నిమిషాలు పెట్టాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే: గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, మళ్లీ ముంచకుండా అలాగే ఉంచేస్తారు. వేడి నిలిస్తేనే గ్రంథిలో గడ్డకట్టిన జిడ్డు కరిగి, దారి తెరుచుకుని, చీము తనంతట తానే కారిపోతుంది. రోజుకు నాలుగుసార్లు చేయండి. మీ గుడ్డ, తువ్వాలు ఇంకెవరూ వాడకూడదు. తగ్గేదాకా కాటుక, కాంటాక్ట్ లెన్సులు మానేయండి. ఇప్పుడు వాడుతున్న కాటుక పారేయండి. గడ్డలకు రాసినట్టు సున్నం మాత్రం రాయొద్దు, కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర కాలిపోతుంది.

సాధారణంగా వారం, రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే కంటి డాక్టరు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్న గాటుతో చీము తీస్తారు. నొప్పి పోయి గట్టి బుడిపె మిగిలితే అది కెలేజియన్, దానికీ ముందు కాపడమే.

మూడుసార్లు వచ్చిందంటే షుగర్ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. రెప్పల అంచున చుండ్రులాంటి పొట్టు ఉందేమో కూడా డాక్టరు చూడాలి. ఉంటే రోజూ రెప్పల అంచులు శుభ్రం చేసుకోవాలి. కురుపు ప్రతిసారీ ఒకేచోట వస్తున్నా, అక్కడ వెంట్రుకలు రాలుతున్నా, ముఖ్యంగా పెద్ద వయసువారిలో, చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాలి. రెప్ప గ్రంథి క్యాన్సర్ ఇలాగే కురుపులా కనిపిస్తుంది.

వాపు రెప్పంతా లేదా బుగ్గకు పాకినా, జ్వరం వచ్చినా, చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, కన్ను తిప్పితే నొప్పి వేసినా, కనుగుడ్డు ముందుకు ఉబ్బినా కాపడంతో కాలయాపన చేయకండి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.