కంట్రీ పాట పాప్‌లో హిట్టవ్వాలంటే కంట్రీ వాసన తీసేయాల్సిందేనా?

మీరడిగింది కెనడా గాయని షనాయా ట్వైన్ పాడిన 'యూ ఆర్ స్టిల్ ది వన్' గురించి కదా, కంట్రీ పాట (అమెరికా పల్లెటూళ్ళ నుంచి వచ్చిన సంగీతం) అయ్యుండి పాప్ వినేవాళ్ళకి కూడా అంతగా ఎలా ఎక్కింది, అందులో కంట్రీ వాసన తీసేశారు కాబట్టేనా అని. తీసేసిన మాట కొంత నిజమే, కానీ హిట్టయ్యింది అందుకే అంటే మాత్రం నేను ఒప్పుకోను.

1998లో పెళ్ళయ్యి ఖమ్మం నుంచి డాలస్ వచ్చాను, డిపెండెంట్ వీసా, ఉద్యోగం చెయ్యడానికి లేదు, కారు నడపడం రాదు, ఆయన పొద్దున్నే ఆఫీసుకి వెళ్తే మళ్ళీ రాత్రి ఏడింటికే రావడం. రేడియో ఒక్కటే తోడు. ఇంగ్లీష్ మీడియంలో చదివినా అక్కడి యాస తలకెక్కేది కాదు, పాటలైతే మరీను. అలాంటిది ఈ పాట మొదటిసారి వినగానే మొత్తం అర్థమైపోయింది! మొదట్లో ఆవిడ పాడదు, ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు రెండు ముక్కలు చెప్తుంది, తర్వాత వచ్చేవీ అన్నీ చిన్న చిన్న మాటలే. మీ ఇద్దరిదీ ఎక్కువకాలం సాగదు అన్నారు, చూడు ఇంకా కలిసే ఉన్నాం, అంతే విషయం. మాది పెద్దవాళ్ళు వద్దన్నా చేసుకున్న పెళ్ళి, మా నాన్న రెండేళ్ళు నాతో ఫోన్లో కూడా మాట్లాడలేదు, కాబట్టి ఆ మాటలు నాకు ఎక్కడ తగిలాయో మీకు చెప్పక్కర్లేదు.

ఇక మీ ప్రశ్నకొస్తే, ఇదే పాట కంట్రీ స్టేషన్లోనూ వచ్చేది, పాప్ స్టేషన్లోనూ వచ్చేది, కానీ ఒకేలా ఉండేది కాదు. కంట్రీ స్టేషన్లో వెనకాల ఒక గిటార్ జారుతూ మూలిగినట్టు వినపడేది, చిన్నప్పుడు మన రేడియోలో సినిమా పాటలు హవాయన్ గిటార్ మీద వాయించేవాళ్ళే, దాదాపు ఆ మోతే. పాప్ స్టేషన్లో అది వినపడేది కాదు. మా ఆయన ఒకటే పాట అంటాడు, నేను కాదంటాను, చివరికి ఒకరోజు కార్లో రెండు స్టేషన్లూ మార్చి మార్చి వింటే గానీ ఒప్పుకోలేదు. దాన్ని పెడల్ స్టీల్ అంటారని, హవాయన్ గిటార్ నుంచి వచ్చిందేనని, పాప్ రేడియో కోసం వేరే మిక్స్ చేశారని తర్వాతెప్పుడో తెలిసింది. 'కమ్ ఆన్ ఓవర్' ఆల్బమ్‌కే బయటి దేశాల కోసం అలాంటి పాప్ మిక్స్‌లతో ఇంకో వెర్షన్ తెచ్చారు.

అయితే స్టీల్ తీసినా ట్యూన్ మారలేదు, మాటలు మారలేదు, కోరస్‌లో ఆవిడ ఒక ముక్క అంటే వెనక గొంతులు అందుకోవడం మారలేదు. ఆ వెనక పాడింది అప్పటి ఆవిడ భర్త మట్ లాంగ్, పాట ఇద్దరూ కలిసి రాశారు, ప్రొడ్యూసరూ ఆయనే. అంతకుముందు ఏసీ డీసీ, డెఫ్ లెపర్డ్ లాంటి రాక్ బ్యాండ్ల ఆల్బమ్‌లు చేసిన మనిషి, అందుకే కోరస్ అంత నిండుగా ఉంటుంది. అమెరికాలో అన్ని రకాల పాటలకీ కలిపి వారం వారం ఇచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 లిస్టులో 9 వారాలు రెండో స్థానంలో ఉంది, మొదటి స్థానం దక్కనేలేదు, అదిప్పటికీ నాకు వెలితే. కంట్రీ చార్ట్‌లో మాత్రం ఒకటికి చేరింది, 1999లో రెండు గ్రామీ అవార్డులు వస్తే రెండూ కంట్రీ విభాగంలోవే. కంట్రీతనం పోయిన పాటైతే కంట్రీ వాళ్ళు అంత నెత్తిన పెట్టుకుంటారా చెప్పండి?

2010లో వాళ్ళిద్దరూ విడాకులు తీసుకున్నారని చదివి, ఎవరో మనవాళ్ళ ఇంట్లో జరిగినంత బాధపడ్డాను. ఆవిడ మాత్రం ఆ పాటని వదల్లేదు, తర్వాత కూడా కచేరీల్లో పాడుతూనే ఉంది.

వీలైతే రెండు వెర్షన్లూ ఒకదాని తర్వాత ఒకటి వినండి, ముందు కంట్రీది. మా కార్లో ఇప్పటికీ ఉండేది స్టీల్ గిటార్ ఉన్నదే.