పెడ్రో రొమేరో మీద నువ్వు రాసింది చదివాక

తమ్ముడూ,

స్పెయిన్ ఎద్దుల పోరాటగాడు పెడ్రో రొమేరో మీద నీ వ్యాసం రాత్రే చదివేశా. భాష బాగుంది. కానీ ఒళ్ళు మండింది, పేరేమో పెడ్రో రొమేరో అని పెట్టి మొదటి రెండు పేజీలూ ఆ కాలపు ఇంకో పోరాటగాడు పెపె-ఇయో చావుకే ఇచ్చేశావ్. 1801 మే 11, మాడ్రిడ్, బార్బూదో అనే ఎద్దు, కొమ్ము, రక్తం. జరిగిందే, చిత్రకారుడు గోయా కూడా ఆ సీన్ చెక్కాడు, కాదనను. కానీ నువ్వు రాస్తానన్నది పెపె-ఇయో గురించి కాదు కదా! రొమేరో దగ్గరికొచ్చేసరికి 5,000కి పైగా ఎద్దుల్ని చంపిన వీరుడు, ఒంటి మీద గీత కూడా పడలేదు అని ఒక్క లైన్లో తేల్చేశావ్.

గీత ఎందుకు పడలేదో చెప్పవా మరి? ఎడమ చేతిలో గుడ్డ, కుడి చేతిలో కత్తి, ఎద్దు మీదికొచ్చేదాకా కాళ్ళు కదపకుండా నిలబడి, అది గుడ్డ కోసం తల దించగానే కత్తిని భుజాల మధ్య దించడం, ఇదీ రొమేరో సొంతూరు రోండా వాళ్ళ పద్ధతి. తాత ఫ్రాన్సిస్కో, నాన్న హువాన్ కూడా ఇదే పనిలో ఉన్నోళ్ళు, ఇంట్లో పట్టుబడ్డ విద్య అది. సెవిల్లా ఊరి పోరాటగాడు కొస్తియారెస్ అయితే అలసి ఆగిపోయిన ఎద్దు మీదికి తనే వెళ్ళి పొడిచేవాడు. ఈ తేడా నీ వ్యాసంలో ఎక్కడా లేదు, వీరుడు అన్న మాట మాత్రం పేజీ పేజీకీ ఉంది.

మనిషి గురించి రాయాలంటే ముందు వాడి పని రాయాలి, నేనెప్పుడూ చెప్పేది ఇదే. కొత్తల్లో మా ఊరి కమ్మరి మీద రాసి ఓ వారపత్రికకి పంపిస్తే, ఇనుము ఏ రంగుకొచ్చాక సమ్మెట దెబ్బ వెయ్యాలో రాసిన పేరాలన్నీ ఎడిటర్ కొట్టేసి, కమ్మరి కొడుకు పోయిన ముక్క ఒక్కటి ఉంచి ఏడుపు హెడ్డింగ్ పెట్టి వేశాడు. కమ్మరి చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఎడిటర్లు అప్పుడు కదిలించాలి అనేవాళ్ళు, ఇప్పుడు చదివేవాణ్ణి మొదట్లోనే పట్టేసే హుక్ అంటున్నారు, ఏదైనా మొదటి పేరాలో ఎవరో ఒకరు చావాల్సిందే వీళ్ళకి.

అసలైన ముక్క నీ చివరి పేజీలో పడుంది చూడు. 1799లో రింగ్ వదిలేసిన మనిషి, 1830లో రాజు ఏడో ఫెర్నాండో సెవిల్లాలో ఎద్దుల పోరు స్కూల్ పెట్టి పెద్ద పోస్టు తనకంటే చిన్నోడికి ఇచ్చాడని తెలిసి, 75 దాటిన వయసులో అది నాకివ్వండి అని అర్జీ పెట్టుకున్నాడు. ఇచ్చారు కూడా! తర్వాత పోరాటగాడిగా పెద్ద పేరు తెచ్చుకున్న మోంతెస్ అక్కడే నేర్చుకున్నాడు. 1834లో స్కూల్ మూతపడింది, 1839లో రొమేరో రోండాలోనే పోయాడు. ఇంత జీవితానికి నువ్వు మూడు లైన్లిచ్చావ్.

ఆ అర్జీ దగ్గర మొదలుపెట్టు. పెపె-ఇయోకి మధ్యలో ఓ పేరా చాలు, 1796లో ఆయన పేరు మీద ఎద్దుల పోరు పద్ధతుల పుస్తకం అచ్చయిందని అందులో చెప్పు, రక్తం కంటే అది ముఖ్యం. ఏ పత్రికకి పంపాలి లాంటివి తర్వాత చూద్దాం. తిరగరాసి ముందు నాకు పంపు, ఆ హుక్ అడిగే ఎడిటర్లకి ఇప్పుడే చూపించకు.