ఓనరు పేరేదిరా?

అడిగిన ప్రశ్న: క్లబ్బు ఓనరు మీద వివాదం లేచినప్పుడు మీడియా రాసే తీరు ఫుట్‌బాల్ అభిమానులకు నచ్చుతదా?

అందరి సంగతి నాకు తెల్వది, నాకైతే నచ్చది. మాది హనుమకొండ. 2008ల మాస్కోల ఛాంపియన్స్ లీగ్ కప్పు ఫైనల్‌ల చెల్సీని పెనాల్టీల మీద ఓడగొట్టిన రాత్రి పట్టింది నాకు ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ పిచ్చి, ఇప్పటిదాక దిగలే. మీడియా లొల్లి గురించి రాస్తది, లెక్క గురించి రాయది. నా కోపమంతా గక్కడ్నే.

2021 మే 2, ఆదివారం. రాత్రి 9 గంటలకు లివర్‌పూల్‌తోని మా మ్యాచ్. కరోనా రెండో వేవ్ రోజులు, 9 కొట్టిందంటే కర్ఫ్యూ. అందుకే ఎనిమిదింటికే కాజీపేటల దోస్తు ఇంటికి చేరిన, తెల్లారేదాక అక్కడ్నే. వాళ్ల బాపును నేను కాక అంట. రైల్వేల చేసి రిటైరైండు. ఆయన పొద్దుగాల్నుంచి టీవీ ముంగటి నుంచి లేవలే. ఒక దిక్కు బెంగాల్ ఫలితాలు, ఒక దిక్కు నాగార్జునసాగర్ ఉప ఎన్నిక, తెల్లారితే మన కార్పొరేషన్ ఓట్ల లెక్కింపు. బతిమాలితే రిమోట్ ఇచ్చిండు.

పెట్టి చూస్తే ఆట లేదు. మా క్లబ్బు గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌ల జనం, ఎర్ర పొగ, మెడల ఆకుపచ్చ, పసుపు మఫ్లర్లు. పది దాటినంక మ్యాచ్ వాయిదా అన్నరు. మేం పెట్టిన చానెల్‌ల మాట్లాడేటోళ్లు గంటసేపు ఒక్కటే పాట: భద్రత ఏమైంది, ఇది తప్పు గదా. పోలీసాయనకు దెబ్బ తగిలింది, అది తప్పే, కాదంటలే. మరి వాళ్లెందుకొచ్చిన్రో చెప్పాల్నా వద్దా?

"ఏందిరా, మీ ఆటల ధర్నాలు సుత ఉంటయా?" అన్నడు కాక.

చెప్పిన. రెండు వారాల కింద పన్నెండు పెద్ద క్లబ్బులు సూపర్ లీగ్ అని వేరే కుంపటి పెడ్తమన్నయ్, అండ్ల మాదొకటి. జనం తిరగబడితే రెండు రోజులల్ల వెనుకకు తగ్గిన్రు. కానీ అసలు మంట పాతది. 2005ల అమెరికాకు చెందిన మాల్కమ్ గ్లేజర్ దాదాపు 79 కోట్ల పౌండ్లకు క్లబ్బును కొన్నడు. పైసలు చానమటుకు అప్పు తెచ్చినయే. ఆ అప్పుల పెద్ద వాటా తెచ్చి క్లబ్బు నెత్తినే పెట్టిండు. అంతకుముందు క్లబ్బుకు అప్పే లేకుండె.

కాక రెండు నిమిషాలు సప్పుడు చెయ్యలే. "అంటే, మన ఇల్లే గిర్వి పెట్టి మన ఇల్లు కొన్నడు. మిత్తి మనతోని కట్టిపిస్తున్నడు. గంతేనా?"

గంతే కాక! పదహారేండ్ల లెక్క ఒక్క ముక్కల తేల్చిండు. చిట్టీల ఊరు మనది, ఎవనికో జమానతు సంతకం పెట్టి ఇరుకున్నోళ్లు వాడకు నలుగురుంటరు. వాళ్లకు ఎరుకయ్యే సంగతి స్టూడియోల కోట్లు తొడుక్కున్నోళ్లకు ఎందుకు కాదో మరి.

ఆ మఫ్లర్ల రంగులు న్యూటన్ హీత్‌వి, క్లబ్బు పాత పేరు అది. 1878ల రైలు పెట్టెలు, వ్యాగన్లు చేసే కార్మికులు పెట్టుకున్న జట్టు. ఇది చెప్పంగనే కాక లేచి కూసున్నడు. "మనోళ్లేనా! వాళ్లకు కోచ్ ఫ్యాక్టరీ అన్న ఉండె, మనం ఎన్నేండ్ల సంది అడుగుతున్నం రా." ఇగ రాత్రి పన్నెండుదాక కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ ముచ్చటే.

తెల్లారి పేపర్ వచ్చింది. ఆటల పేజీ నిండ సన్‌రైజర్స్ వార్నర్‌ను కూసోబెట్టిన కథ. కింద మూలకు నాలుగు వరుసలు: అభిమానుల వీరంగం, మ్యాచ్ వాయిదా. కాక అద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివిండు. "ఓనరు పేరేదిరా?" లేదు.

అట్లని మేం సుద్దపూసలం కాదు. 2008ల కప్పు గెలిచిన నాడు సుత ఓనరు గ్లేజర్లే, నేను పేరన్న అడగలే. చెల్సీ దోస్తుది ఇంకో కథ. రష్యా శ్రీమంతుడు అబ్రమోవిచ్ 2003ల ఆ క్లబ్బును కొన్నకాన్నుంచి కప్పులే కప్పులు. రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగినంక 2022 మార్చిల బ్రిటన్ ఆయన ఆస్తులను స్తంభింపజేసేదాక వీనికి ఆయన దేవుడు. బర్న్‌లీ క్లబ్బు గ్రౌండ్‌ల మ్యాచ్‌కు ముంగట ఉక్రెయిన్ కోసం అందరు చప్పట్లు కొడుతుంటే చెల్సీ జనం ఆయన పేరు పాడిన్రు. దాన్నీ సమర్థించిండు మావోడు. నెల రోజులు మాట్లాడలే వానితోని.

దూరపోళ్ల ముచ్చటెందుకు, హైదరాబాద్ ఎఫ్‌సీని చూడున్రి. 2022 మార్చిల గోవల ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్, మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిండు, కేరళ జట్టు మీద గెలిచినం. ఏడాది గడిచిందో లేదో జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోవద్దని నిషేధం. తర్వాత చేతులు మారింది, 2025ల ఢిల్లీకి పోయింది, పేరు సుత మార్చిన్రు. నేను తెప్పించుకునే పేపర్ల ఒక్క పేరా వచ్చింది. జీతాలు ఎవరు ఎగ్గొట్టిన్రు, ఎందుకు ఎగ్గొట్టిన్రు, ఒక్క ముక్క లేదు. ఫైనల్ గెలిచినంక కొన్న నా పసుపు జెర్సీ ఇప్పుడు మా అన్న కొడుకు వేసుకుంటడు, వడ్డేపల్లి చెరువుకాడ క్రికెట్ ఆడనీకి.