గువామ్ అరటిపండు డోనట్లు: పైన మాడి లోపల పచ్చిగా ఎందుకు ఉంటున్నాయి?

పసిఫిక్ సముద్రంలో అమెరికా కింద ఉన్న గువామ్ దీవి వాళ్ల బొన్యెలోస్ అగా, అంటే అరటిపండు డోనట్లు, ఇంట్లో చేస్తే పైన మాడుతున్నాయి, లోపల పచ్చిగా ఉంటున్నాయి, మంట తగ్గిస్తే నూనె పీల్చేస్తున్నాయి అని అడిగారు. మీరు రాసిన కొలతలు చూస్తే రెండు అనుమానాలు వస్తున్నాయి. ఉండలు పెద్దవిగా వేస్తున్నారు, పంచదార ఎక్కువ పోస్తున్నారు. మంటతో ఎంత కుస్తీ పట్టినా ఈ రెండూ సరిచేయకపోతే లాభం లేదు.

మేము శాన్ డియేగోలో ఉన్నప్పుడు పక్కింటి ఆంటీ వాళ్లది గువామ్. అమెరికా నేవీ ఉద్యోగాల పుణ్యమా అని ఆ ఊళ్లో చమోరో, అంటే గువామ్ మూలవాసుల కుటుంబాలు చాలానే ఉన్నాయి. నేను చెప్పేదంతా ఆవిడ వంటింట్లో నిలబడి చూసి నేర్చుకున్నదే.

ముందు పండు సంగతి. తొక్క మీద మచ్చలు వచ్చిన పండు చాలదు, తొక్క దాదాపు నల్లబడాలి. బాగా మగ్గేసరికి పండులోని పిండిపదార్థం చాలావరకు చక్కెరగా మారిపోతుంది, వాసన కూడా అప్పుడే వస్తుంది. ఆంటీ అయితే తినడానికి పనికిరావనిపించిన పళ్లన్నీ తొక్కతోనే ఫ్రీజర్లో పడేసేది. డజను పోగయ్యాక ఒక ఆదివారం బయటికి తీసేది. కరిగాక వాటి నుంచి ఊరిన నీళ్లు పారబోయకండి, తీపంతా అందులోనే ఉంటుంది. కాకపోతే గుజ్జు పలచగా ఉంటుంది కాబట్టి మైదా ఒకట్రెండు చెంచాలు ఎక్కువ పడుతుంది. అక్కడ మేము మామూలు సూపర్ మార్కెట్ పళ్లే వాడేవాళ్లం. మన ఊళ్లో చేస్తే చక్కెరకేళి భేషుగ్గా ఉంటుంది. కర్పూర అరటికి చిన్న పులుపు ఉంటుంది, అదీ బాగుంటుంది. కూర అరటి మాత్రం వద్దు.

కొలతలు: చేత్తో చిదిమిన గుజ్జు 2 కప్పులు, పంచదార అర కప్పు, చిటికెడు ఉప్పు, వనిల్లా ఎసెన్స్ 1 టీస్పూను, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు. మైదా ఒకటిన్నర కప్పుతో మొదలుపెట్టి, అవసరమైతే 2 కప్పుల దాకా వెళ్లండి. కొందరు గుడ్డు, పాలు వేస్తారు. ఆంటీ వేసేది కాదు, నీళ్లు కూడా పోసేది కాదు, అందుకే మా అత్తగారు కూడా నిశ్చింతగా తిన్నారు. మీరు ఒక కప్పు పంచదార రాశారు. అంత మగ్గిన పండుకి అంత పంచదార తోడైతే, లోపల ఉడికేలోపే పైపొర నల్లబడక ఏం చేస్తుంది? వంట సోడా వేసేవాళ్లకి ఇంకో మాట: సోడా ఎక్కువైతే రంగు ఇంకా త్వరగా ముదురుతుంది, నూనె పీలుస్తుంది, సబ్బు రుచి కూడా తగులుతుంది.

మైదా వేశాక పిండి జారుగా ఉందేమోనని భయం వేస్తుంది. చాలామంది అక్కడే ఇంకో కప్పు మైదా గుమ్మరించేస్తారు. అప్పుడు అరటిపండు రుచి పోయి ఉత్త మైదా ముద్ద తిన్నట్టుంటుంది. చేత్తో తీస్తే బొట్లుగా కారిపోకుండా, మెల్లగా బరువుగా జారితే చాలు. ఎక్కువగా కలపకండి, సాగుడు వచ్చేస్తుంది. గుజ్జు ఉండలు అక్కడక్కడా మిగిలినా ఫర్వాలేదు, నిజానికి నాకవే ఇష్టం.

వేసే పద్ధతి మనకి కొత్తేమీ కాదు, పునుగులు వేసే చేతికి ఐదు నిమిషాల్లో పట్టుబడుతుంది. గుప్పెట్లో పిండి తీసుకుని మెల్లగా నొక్కితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఉండ పైకి ఉబుకుతుంది. దాన్ని రెండో చేత్తో, తడి చెంచాతో గీసి నూనెలోకి వదలాలి. సైజు పెద్ద ఉసిరికాయంత, అంతకు మించొద్దు. నిమ్మకాయంత వేస్తే మీకు జరిగినట్టే జరుగుతుంది.

నూనె 170 నుంచి 175 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిన్న చుక్క పిండి వేసి చూడండి. అడుక్కి వెళ్లి, చుట్టూ చిన్న బుడగలతో నిదానంగా పైకి తేలాలి. వేసీ వేయగానే పైకి తన్నుకొచ్చి రంగు మారిందంటే వేడి ఎక్కువ. కదలకుండా అడుగునే కూర్చుంటే తక్కువ, నూనె పీల్చేది అప్పుడే. బాణలి నిండా ఒకేసారి వేసినా వేడి పడిపోతుంది. సగం బాణలికే వేసి మధ్యస్థ మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. గుండ్రంగా వస్తే వాటంతట అవే దొర్లుతాయి, రానివాటిని గరిటెతో తిప్పాలి.

రంగు విషయంలో మనకి గారెల అలవాటు ఉంది, బంగారు రంగు రాగానే తీసేస్తాం. వీటిని ముదురు గోధుమ రంగు వచ్చేదాకా ఉంచాలి, ఆ రంగు చూసి మాడిందని టెన్షన్ పడకండి. చేదు తగిలితేనే మాడినట్టు. ఇంకో సంగతి, మీరు పచ్చి అనుకుంటున్నది నిజంగా పచ్చేనా? నూనెలోంచి తీసిన వెంటనే విరిస్తే లోపల జిగురుగానే ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగి చూడండి. తడిగా, మెత్తగా ఉంటే అది అరటిపండు గుణం. తెల్లగా ముద్దలా ఉండి మైదా వాసన వస్తేనే ఉడకనట్టు.

పాకం గురించి కూడా అడిగారు. పాకం పోసేది బొన్యెలోస్ డాగుకి. అది మన పెండలం లాంటి దుంపతో చేస్తారు, క్రిస్మస్ రోజుల్లో ఎక్కువ. గుమ్మడికాయతో చేసేవీ ఉన్నాయి. బొన్యెలోస్ అనే పేరు స్పెయిన్ వాళ్ల బున్యుయెలో నుంచి వచ్చింది, 1898లో అమెరికా చేతికి వెళ్లేదాకా ఆ దీవి వాళ్ల పాలనలోనే ఉండేది. అరటిపండువి మాత్రం ఉత్తవే తింటారు, పక్కన కాఫీ ఉంటే చాలు.

మొత్తం గోధుమపిండితో చేస్తే గట్టిగా వస్తాయి, సగం మైదా సగం గోధుమపిండి అయితే తినొచ్చు. ఎయిర్ ఫ్రయర్‌లో పిండి జాలీ కిందికి కారుతుంది, ఆ ఆలోచన వదిలేయండి. మిగిలినవాటిని మర్నాడు వేడి చేయడానికి మాత్రం అదే బెస్టు, మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతాయి.