సింహాచలం చేతి గురించి: ఒక యువ రచయితకు లేఖ

పెరంబూరు, చెన్నై.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ మళ్ళీ మళ్ళీ చదివాను. శ్రీకాకుళం నుంచి వచ్చి, అంబత్తూరు పారిశ్రామికవాడలో లోహపు రేకులను నొక్కి ఆకారమిచ్చే పవర్ ప్రెస్ యంత్రం మీద పనిచేస్తూ కుడిచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్న సింహాచలం మీద నీకెంత ఆపేక్ష ఉన్నదో ప్రతి పేరాలోనూ తెలుస్తున్నది. ఆ ఆపేక్ష లేనివారికి ఏ సలహా చెప్పినా వృథా; నీకు ఉన్నది కనుకనే వివరంగా రాస్తున్నాను.

ఆసుపత్రి ఘట్టం మొదలుకొని నీ కథలో ఏడుస్తున్నది సింహాచలం కాదు, నీవు. తమసా తీరాన బోయవాని బాణానికి మగ క్రౌంచం కూలిపోగా ఆడపక్షి ఆక్రందన విని వాల్మీకి కరిగిపోయిన సందర్భం నీకు తెలుసు. ఆ శోకాన్ని మునికి కలిగిన సొంత దుఃఖంగా భావించరాదని, సొంత దుఃఖంలో కుమిలిపోయేవాడి నుంచి కావ్యం రాదని సుమారు వెయ్యేళ్ళ కిందట కాశ్మీర ఆలంకారికుడు అభినవగుప్తుడు వ్యాఖ్యానించాడు. నేను ఆ మాటను పూర్తిగా నమ్ముతాను. పాత్ర బాధను మనం లాక్కుంటే ఆ పాత్రకు ఏమీ మిగలదు.

‘పాపం’, ‘అభాగ్యుడు’ వంటి మాటలన్నీ కొట్టెయ్యి. యంత్రంలో చెయ్యి పడకుండా అడ్డుండే గార్డు తీయించి పని చేయించిన సూపర్‌వైజరును రాక్షసుణ్ణి చేశావు. అటువంటివారు లేరని నేననను. కానీ ముక్కల లెక్కన కూలి ఇచ్చే చోట, పని వేగంగా సాగి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని కార్మికుడే గార్డు తీసెయ్యమని అడగడమూ ఉంటుంది. సింహాచలమే అలా అడిగి ఉంటే, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక, లేని వేలు ఇంకా ఉన్నట్టే దురద పెట్టే రాత్రుళ్ళలో తనను తానే నిందించుకుంటూ ఉంటే, అతని గాయం ఎంత లోతైనదో నీవు వేరే చెప్పవలసిన పని ఉండదు. అతన్ని నిర్దోషిగా నిలబెడితేనే పాఠకుడు జాలిపడతాడని నీవు భయపడినట్టున్నావు. ఆ భయం వదులుకో.

కార్మికుల బీమా సంస్థ ఈ.ఎస్.ఐ.లో, గాయం వల్ల ఎంత నష్టమో తేల్చే మెడికల్ బోర్డును మూడు వాక్యాలలో దాటేశావు. నా దృష్టిలో కథకు ఆయువుపట్టు అదే. ఒక చేతి వేళ్ళు రెండు పోతే సంపాదన శక్తిలో నష్టం 20 శాతమని చట్టంలోని జాబితా చెబుతుంది. ఆ అంకె విన్నప్పుడు అతనికి ఏమనిపించింది? అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, కూతురి జడ అల్లడం అందులో ఎక్కడ చేరాయని వెతుక్కున్నాడా? లేక కాస్త పెంచి రాస్తారేమోనన్న ఆశతో నొప్పిని ఎక్కువ చేసి చెప్పి, బయటికి రాగానే సిగ్గుతో తల దించుకున్నాడా? ఆ చిన్న అబద్ధాన్ని అతనికి ఇవ్వడానికి వెనకాడవద్దు. అతన్ని నిజంగా ప్రేమించేవాడు మాత్రమే దాన్ని రాయగలడు.

ఇంకొకటి. తల్లితో ఫోన్‌లో అతను తన ఊరి యాసలో మాట్లాడతాడు, బాగా రాశావు. బోర్డులో వైద్యులు అడిగేది తమిళంలో. పనికి కావలసిన తమిళం అతనికి వచ్చు. సలుపుకు, తిమ్మిరికి, పోటుకు ఆ భాషలో మాటలు వచ్చునా? ప్రెస్ షాపులో పనిచేసే మనవాళ్ళను అంబత్తూరులో కలిసి, వాళ్ళు వైద్యుని దగ్గర ఎలా చెప్పుకుంటారో అడిగి తెలుసుకుని, ముందుగా ఆ సంభాషణ ఒక్కటే రాసి నాకు పంపు.